సముద్రపు గాలికి వంగిన ఫ్యాన్ రెక్కలు: చెన్నై ఇంట్లో మా అనుభవం

తిరువాన్మియూరులా సముద్రానికి దగ్గరగా ఉండే పేటలో ఇల్లు ఉండి, చెక్క డిజైన్ ఫ్యాన్ కొనాలనుకునేవాళ్లకు నా మాట ఒక్కటే: రెక్కలు ఎండీఎఫ్‌వి అయితే వద్దు. మా హాల్లో అలాంటిది ఏళ్ల తరబడి వాడాం. అందంగా ఉండేది, గాలీ బాగా వచ్చేది. మోటారుకు ఏమీ కాలేదు, రెక్కలే పాడయ్యాయి.

ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో కలిపి అదిమిన పలక. పైనా కిందా లామినేషన్ ఉన్నా స్క్రూ రంధ్రాల నుంచి, కోసిన అంచుల నుంచి తేమ లోపలికి పోతుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా కాలమంతా ఉక్క. మొదట స్క్రూల చుట్టూ వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బు వచ్చింది. తర్వాత ఒక రెక్క కొస కిందికి దిగింది. స్పీడు పెంచితే చాలు, ఫ్యాన్ ఊగేది, పైన రాడ్డును కప్పే ప్లాస్టిక్ మూత టకటకలాడేది. దాని కింద పిల్లల్ని పడుకోబెట్టాలంటే టెన్షన్.

తప్పు రెక్కదా, దాన్ని పట్టే బ్రాకెట్‌దా అన్నది తేల్చుకోవాలి. మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్ ఆపి, సీలింగ్ మీద ఒకే చోట స్కేలు నిలబెట్టి, రెక్కల్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కొస ఎంత కింద ఉందో చూడాలి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఊగే అవకాశం ఎక్కువ. అనుమానం ఉన్న రెక్కను విప్పి పక్క బ్రాకెట్‌కు బిగించి మళ్లీ కొలవాలి. వంపు రెక్కతోపాటే వస్తే రెక్కది, పాత చోటే ఉండిపోతే బ్రాకెట్‌ది. మాకు రెక్కతోనే వచ్చింది.

రెక్క పైన అంటించే బ్యాలెన్సింగ్ బరువులు కూడా వాడాం. ఊపు తగ్గింది గానీ వంపు ఎక్కడికి పోతుంది? ఉబ్బిన ఎండీఎఫ్ ఆరినా మళ్లీ మామూలు కాదు. వానలు పడగానే ఊగడం మళ్లీ మొదలు. బరువు సరిచూసి జత చేసిన రెక్కలు కాబట్టి ఒక్కటి మారిస్తే కుదరదు, సెట్టంతా కావాలి. మా మోడల్ ఆగిపోయిందని సర్వీసు వాళ్లు చేతులెత్తేశారు. వేరే మోడల్ రెక్కలు తగిలిద్దామన్నాడు ఎలక్ట్రీషియన్. వాలు, బరువు మారితే మోటారుకు భారమని నేనే వద్దన్నాను.

ఇప్పుడున్నది అల్యూమినియం రెక్కల, తక్కువ కరెంటు తీసుకునే 1200 మిల్లీమీటర్ల బీఎల్‌డీసీ ఫ్యాన్. ఎన్ని వానాకాలాలు వచ్చినా రెక్క కదల్లేదు. ఉప్పుగాలికి స్క్రూలు మాత్రం తుప్పు పడుతున్నాయి, అప్పుడప్పుడు చూసి మార్చాల్సిందే. చెక్క రూపమే కావాలనుకునేవాళ్లు ఏబీఎస్ ప్లాస్టిక్ రెక్కలవి చూడండి, అవి తేమకు ఉబ్బవు. లోహపు రెక్కలు వంగుతాయన్న భయం మన చేతులతోనే: భోగి ముందు దులిపేటప్పుడు రెక్కను కింద నుంచి ఒక చేత్తో ఆనించి పట్టుకుని, రెండో చేత్తో తుడవండి.