ఎంఏ ఇంగ్లీషు: ఇంటి దగ్గరి క్యాంపసా, సెంట్రల్ యూనివర్సిటీనా, ఇగ్నోనా?

డిగ్రీ ఆఖరి పరీక్షలు ముగిసే రోజుల్లో మా పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. "మేడం, ఎంఏ ఇంగ్లీషు ఎస్కేయూలో చేరేదా, సెంట్రల్‌కి పోయేదా, ఇగ్నోలో కట్టేసేదా?" ఎస్కేయూ అంటే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, ఇగ్నో అంటే ఇందిరాగాంధీ పేరుతో ఉన్న దూరవిద్య యూనివర్సిటీ. కడప పిల్లలైతే ఎస్కేయూ బదులు వైవీయూ (యోగి వేమన యూనివర్సిటీ) అంటారు. కర్నూలు వాళ్ళు రాయలసీమ యూనివర్సిటీ అంటారు. ఎంఏ ఇంగ్లీషు అసలెందుకు అనే చర్చ ఇక్కడ పెట్టను. చదవాలని తీర్మానించుకున్నాక ఎక్కడ అన్నదే సంగతి.

ముందు ఒక చేదు మాట. మే నెలలో ఈ ప్రశ్న అడిగేసరికి మూడింటిలో ఒకటి అప్పటికే చేజారి ఉంటుంది. అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీలో చేరాలంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్ అయిన సీయూఈటీ పీజీ రాయాలి. 2024 నుంచి ఆ పరీక్ష మార్చిలో జరుగుతోంది. దరఖాస్తులేమో అంతకు రెండు మూడు నెలల ముందే మొదలవుతాయి. అంటే మీరు ఇంకా ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్కులు నింపుకుంటూ, సంక్రాంతికి ఊరెళ్ళే బస్సు చూసుకుంటూ ఉండే సమయం. ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు, కానీ ఆ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. మన స్టేట్ యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్ పీజీసెట్ అలా కాదు. మన డిగ్రీ పరీక్షలు అయ్యాక, ఎక్కువగా వేసవిలో వస్తుంది కాబట్టి ఎవరూ మర్చిపోరు. మన పిల్లల్లో చాలామంది స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళడానికి అసలు కారణం ఈ తేదీలే అని నా అనుమానం. ఎంచుకుని వెళ్ళేవాళ్ళు కొద్దిమందే.

పరీక్షల తేడా త్వరగా చెప్పేస్తాను. పీజీసెట్‌లో 100 ప్రశ్నలు, 100 మార్కులు, 90 నిమిషాలు. తప్పు రాస్తే మార్కులు పోవు. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకి నాలుగు వస్తాయి, తప్పుకి ఒకటి పోతుంది. పీజీసెట్ 2021లో మొదలైంది. మొదటిసారి నిర్వహించింది మన కడప వైవీయూనే. అంతకుముందు ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో సెట్ రాస్తూ తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఒక్క ర్యాంకుతో వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటే చాలు. మూడు జిల్లాలూ ఎస్వీయూ (తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ) లోకల్ ఏరియా కిందికే వస్తాయి కాబట్టి ప్రొద్దుటూరు అమ్మాయి ఎస్కేయూలోనూ లోకలే. సీయూఈటీకి అలాంటి ఉమ్మడి కౌన్సెలింగ్ లేదు. స్కోరు వచ్చాక ఏ యూనివర్సిటీ కావాలంటే దాని వెబ్‌సైట్‌లో మళ్ళీ విడిగా దరఖాస్తు చేయాలి. స్కోరు వచ్చింది కదా, వాళ్ళే పిలుస్తారని కూర్చుని సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

ఈ రెండు పరీక్షలూ బిట్లే. ఏ కవి ఏ కాలం వాడు, ఈ పంక్తిలో అలంకారం ఏది, ఫలానా మాట వాడిన విమర్శకుడెవరు, ఇలా సాగుతాయి. బిట్ బ్యాంకులు తిరగేస్తే ర్యాంకు వస్తుంది. చేరిన రోజు నుంచి మాత్రం అంతా వ్యాసాలే. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

నన్నడిగితే చూసుకోవాల్సింది ఒక్కటే. మీరు ఇంగ్లీషులో రాసినదాన్ని చదివి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, తిరిగి మీ చేతికిచ్చే మనిషి ఎక్కడ దొరుకుతారు? నాణ్యతకి ఇచ్చే న్యాక్ గ్రేడు, ర్యాంకింగులు, భవనాలు అన్నీ దాని తర్వాతే.

మన పిల్లల పరిస్థితి తెలిసిందే. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పేరుకు ఇంగ్లీషు మీడియం. డిగ్రీ ఇంగ్లీషు పేపరు గైడుతో గట్టెక్కి ఉంటారు. సొంతంగా ఇంగ్లీషులో రాసింది ఏదైనా ఉంటే అది లీవు లెటరే. అలాంటి పిల్లని "ఆ కవి ప్రకృతిని ఎలా చూశాడు?" అని అడిగితే కవి పుట్టిన ఊరు, తేదీ, పెళ్ళితో మొదలుపెట్టి, ఆయన పద్యాల పేర్లు వరసగా చెప్పి, చివర "కాబట్టి ఆయన గొప్ప ప్రకృతి కవి" అని ముగిస్తుంది. ప్రశ్నకి జవాబు అందులో ఎక్కడా ఉండదు. దాని మధ్యలో "డిడ్ నాట్ వెంట్" లాంటివి నాలుగైదు. తెలివి లేక కాదు, ఇప్పటిదాకా ఎవరూ రాయించలేదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి "ఈ పేరా తీసెయ్, నీ మాట ఏమిటో మొదటి వాక్యంలో చెప్పు" అని రెండు మూడుసార్లు అంటే దారిలో పడిపోతారు. అనేవాళ్ళు లేకపోతే అదే వాక్యం ఎంఏ పట్టాతో పాటు స్టాఫ్ రూము దాకా వస్తుంది.

"ఉద్యోగ పరీక్షలన్నీ బిట్లే గదా మేడం, రాతతో ఏం పని?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. నిజమే. యూజీసీ నెట్ రెండు పేపర్లూ కలిపి 150 బిట్లు, 300 మార్కులు. కానీ ఆ పరీక్ష ఆధారంగా లెక్చరర్ కావడానికి ఎంఏలో 55 శాతం ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకి 50. ఆ శాతం వచ్చేది వ్యాసాలతోనే. ఇక ప్రైవేటు కాలేజీలో డెమో క్లాసు ఇవ్వమన్నప్పుడు, బోర్డు మీద సొంతంగా ఒక వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు ఏ బిట్ బ్యాంకూ అక్కరకు రాదు.

ఈ కొలతతో ఇగ్నోని చూద్దాం. ఎంట్రన్స్ లేదు, ఏ డిగ్రీ అయినా చాలు, జనవరిలోనూ జులైలోనూ చేరొచ్చు, రెండేళ్ళ కోర్సుని నాలుగేళ్ళ దాకా సాగదీసుకోవచ్చు. మెటీరియల్ చాలా బాగుంటుంది. ఆ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను. బ్రిటిష్ కవిత్వం, నాటకం, నవల, విమర్శ మీద వాళ్ళ బ్లాకులు, అంటే పాఠాల పుస్తకాలు, వాళ్ళ ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు ఎక్కడ చేరినా అవి దింపుకుని చదవండి. సమస్య మెటీరియల్‌ది కాదు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం పరీక్షకి. ఆ అసైన్‌మెంట్లే మీ రాతని ఇంకొకరు చదివే అవకాశం. మనవాళ్ళు ఏం చేస్తారో మీకూ తెలుసు. టెలిగ్రామ్‌లో దొరికేది దించి, పోస్టు చేసి, చేతులు దులుపుకుంటారు. దించినదాన్ని ఎంత బాగా దిద్దినా లాభమేముంది? ఇంకోటి, ఇగ్నోలో పాసు కావడానికి 40 శాతం చాలు. నెట్‌కి కావాల్సింది 55. ఆ పదిహేను శాతం తేడా చాలామందికి చివర్లో గుర్తొస్తుంది.

అయినా ఇగ్నోనే సరైన దారి అయ్యేవాళ్ళు కొందరున్నారు. ఇప్పటికే టీచరుగా పనిచేస్తున్నవాళ్ళు, పిల్లల తల్లులు, బీఈడీ చదువుతున్నవాళ్ళు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషుకి డిగ్రీలో ఇంగ్లీషు ఒక ఐచ్ఛిక సబ్జెక్టుగా ఉండాలి, లేదంటే ఎంఏ ఇంగ్లీషు ఉండాలి, దాంతో పాటు ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ. మన జిల్లాల్లో బీకాం, బీఎస్సీ చదివి ఎంఏ ఇంగ్లీషు కట్టేవాళ్ళలో సగంమంది ఆశ ఇదే. వాళ్ళకి కావాల్సింది అర్హత. ఒక రెగ్యులర్ కోర్సుతో పాటు ఒక దూరవిద్య కోర్సు చదువుకోవచ్చని యూజీసీ 2022లో అనుమతించింది కాబట్టి బీఈడీ, ఇగ్నో ఎంఏ రెండూ కలిసి నడిపించొచ్చు. ఇంటి బాధ్యతలు ఉన్న ఆడపిల్లలకి ఇది చిన్న వెసులుబాటు కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, ఏ అడ్డూ లేకుండా, "క్లాసుకి పోయే పని ఉండదు" అని ఇగ్నో కట్టేవాళ్ళ మీదే నా కోపం.

ఇక స్టేట్ యూనివర్సిటీలు. ఎస్కేయూ 1968లో ఎస్వీయూ పీజీ కేంద్రంగా మొదలై 1981లో యూనివర్సిటీ అయింది. వైవీయూ 2006లో, రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. ఖర్చు తక్కువ, ఊరు దగ్గర, తెలియనిది తెలుగులో అడిగితే తెలుగులో చెప్తారు. ఈ చివరిది వరమూ, శాపమూ. మొదటి సెమిస్టరులో విమర్శ సిద్ధాంతాలు తెలుగులో వింటేనే బుర్రకెక్కుతాయి, ఒప్పుకుంటాను. నాలుగో సెమిస్టరులోనూ క్లాసంతా తెలుగులోనే నడిస్తే మాత్రం ఇంగ్లీషు ఎంఏ చదివి ఇంగ్లీషు మాట్లాడని వాళ్ళు తయారవుతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి నియామకాలు సరిగ్గా లేవు, చాలా చోట్ల గెస్ట్ ఫ్యాకల్టీతోనే నెట్టుకొస్తున్నారు. వాళ్ళలో అద్భుతంగా చెప్పేవాళ్ళున్నారు, కానీ వచ్చే ఏడాది ఉంటారో లేదో వాళ్ళకే తెలియదు.

అందుకే ఆప్షన్లు పెట్టేముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో రెండో సంవత్సరం చదివే అక్కనో అన్ననో పట్టుకుని ఒక్కటి అడగండి: "ఇంటర్నల్ పేపరు దిద్ది తిరిగి ఇస్తారా?" ఇస్తారంటే ఒకటి చూపించమనండి. మార్కు ఒక్కటే ఉందా, పక్కన ఏమైనా రాశారా చూడండి. వెబ్‌సైట్‌లో గంటలు వెతికినా దొరకని సమాచారం ఆ కాగితంలో ఉంటుంది. మూడు క్యాంపస్‌లలో ఎక్కడ ఆ అలవాటు ఉంటే అది మొదటి ఆప్షన్, ఇంటికి ఎంత దూరమైనా సరే.

ఇంకో షరతు, హాస్టల్. గుత్తి నుంచి, ధర్మవరం నుంచి రోజూ బస్ పాస్ మీద తిరిగితే సాయంత్రం లైబ్రరీ పోతుంది. సెమినార్ పేపరు గురించి సీనియర్లతో వాదించుకునే రాత్రులూ పోతాయి. ఇంటి దగ్గర ఉంటే మిగిలే డబ్బుకి అది చాలా పెద్ద ఖరీదు. (కడప వాళ్ళకి ఒక మాట. బ్రౌన్ లైబ్రరీ ఉంది కదా అనుకోకండి. ప్రశాంతంగా కూర్చుని చదువుకోవడానికి మంచి చోటే, కానీ అది తెలుగు పరిశోధన కోసం ఉన్నది. సాహిత్య సిద్ధాంతాల పుస్తకాలకి క్యాంపస్ లైబ్రరీకే వెళ్ళాలి.)

సెంట్రల్ యూనివర్సిటీ కొత్తది. 2018లో జేఎన్‌టీయూ భవనాల్లో తాత్కాలికంగా మొదలైంది, సొంత క్యాంపస్ బుక్కరాయసముద్రం మండలం జంతలూరు దగ్గర. ఎస్కేయూకి ఉన్న చరిత్ర, ఊరినిండా ఉన్న పాత విద్యార్థులు దీనికి లేరు. అయినా నా మొగ్గు ఇటే. కారణం పెద్ద పేరు కాదు. సీట్లు ఆలిండియా పోటీతో నిండుతాయి కాబట్టి పక్క బెంచీలో తెలుగు రానివాళ్ళు కూర్చునే అవకాశం ఎక్కువ. మెస్‌లో సాంబారు బాగాలేదని చెప్పడానికి కూడా ఇంగ్లీషు కావాలి. టీచర్లలోనూ బయటి రాష్ట్రాల వాళ్ళు ఉంటే క్లాసు తెలుగులోకి జారడానికి వీలుండదు. మొదటి రెండు నెలలు టెన్షన్‌గానే ఉంటుంది, సెమినార్‌లో నోరు పెగలదు. అక్కడ తట్టుకున్న పిల్లలు తర్వాత మాట్లాడే తీరు చూసి నేనే ఆశ్చర్యపోయాను. అదంతా అనంతపురం దాటకుండానే.

కాబట్టి మొదట సీయూఈటీ, అది కుదరకపోతే హాస్టల్‌తో స్టేట్ క్యాంపస్, ఈ రెండూ వీలుపడని జీవితమైతే ఇగ్నో. డిసెంబరు, జనవరిల్లో సీయూఈటీకి, వేసవిలో పీజీసెట్‌కి, రెండింటికీ కట్టండి. చదవాల్సింది చాలావరకు ఒకటే.

మిగతావి రెండు ముక్కల్లో. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) రెండూ వీటన్నిటికంటే ఒక మెట్టు పైనే, సీటొస్తే ఆలోచించకుండా వెళ్ళండి. హెచ్‌సీయూకి సీయూఈటీ స్కోరే, ఇఫ్లూ నోటిఫికేషన్ మాత్రం విడిగా చూసుకోవాలి. ఆడపిల్లల్ని దూరం పంపించం అనే ఇళ్ళకి తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. బెంగళూరు ప్రైవేటు యూనివర్సిటీలు డబ్బున్నవాళ్ళకి. ఊళ్ళో ప్రైవేటు పీజీ కాలేజీలో చేరేముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఆ రీయింబర్స్‌మెంట్ ఆపేస్తూ 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో చాలామంది మధ్యలో ఇరుక్కున్నారు. ఇగ్నో కాకుండా వేరే దూరవిద్యలో చేరేవాళ్ళు ఆ కోర్సుకి ఆ ఏడాది యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడాలి. ఇప్పుడు దూరవిద్యకి డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం దగ్గర విద్యార్థి తీసుకోవాల్సిన నంబరు) తప్పనిసరి.

సర్టిఫికెట్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పీజీసెట్‌కి మన బీసీ సర్టిఫికెట్ సరిపోతుంది. సీయూఈటీకీ, సెంట్రల్ యూనివర్సిటీకీ సరిపోదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో బీసీ అయిన కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు కాబట్టి ముందు మీ కులం అందులో ఉందో లేదో చూసుకోండి. పాతది పనికిరాదు, నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ తర్వాత తీసుకున్నదే చెల్లుతుంది. సచివాలయంలో పెట్టుకుంటే తహసీల్దారు సంతకం దాకా రావడానికి రోజులు పడతాయి. అడ్మిషన్ తేదీ వచ్చాక మొదలుపెడితే అందదు. వైవీయూ కింద డిగ్రీ చేసి ఎస్కేయూలో చేరేవాళ్ళు మైగ్రేషన్ సర్టిఫికెట్‌కి కూడా అప్పుడే దరఖాస్తు పెట్టేయండి.