జ్ఞానదంతాలు నాలుగూ ఒకేసారి పీకించుకోవాలా, ఒక్కో వైపా, అసలు వదిలేయాలా? ఏది మేలు?

మా అక్క కూతురికి డాలస్‌లో పద్దెనిమిదేళ్లకే, కాలేజీకి వెళ్లే ముందు వేసవి సెలవుల్లో, నాలుగు జ్ఞానదంతాలూ ఒకే పూటలో తీసేశారు. నాకేమో హైదరాబాద్‌లో, ముప్పై మూడేళ్లకి, ఎడమవైపు కిందదీ పైదీ కలిపి ఒకసారి, నాలుగు నెలలాగి కుడివైపు కిందది ఇంకోసారి తీశారు. కుడివైపు పైది ఇప్పటికీ నా నోట్లోనే ఉంది. అంటే అడిగిన మూడు పద్ధతులూ మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట, అందుకే ఎవరైనా అడిగితే ఆ పిల్లదీ నాదీ పక్కపక్కన పెట్టి చెప్తుంటాను.

ముందు వదిలేయడం సంగతి. ఈ పళ్లు మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి, చోటుంటే నిటారుగా వచ్చేస్తాయి, లేకపోతే పక్క పన్ను మీదకి వాలిపోతాయి, లేదా సగం వచ్చి ఆగిపోతాయి. నిటారుగా వచ్చి, బ్రష్ అందుతూ, ఏ గొడవా చేయకపోతే దాని జోలికి వెళ్లక్కర్లేదు. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2000లోనే, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీసే అలవాటు మానుకోమని చెప్పింది. అమెరికాలో మాత్రం ముందే తీసేయడం బాగా అలవాటు. వాళ్ల వాదనా కొట్టిపారేసేది కాదు. పద్దెనిమిదేళ్లకి వేర్లు పూర్తిగా దిగవు, ఎముక ఇంకా గట్టిపడదు, పన్ను తేలిగ్గా వస్తుంది, పుండు త్వరగా మానుతుంది. ముప్పై దాటాక వేర్లు దవడలోని నరం దాకా దిగి కూర్చునే అవకాశం ఎక్కువ.

నాది వదిలేసే రకం కాదు, అయినా రెండేళ్లు వదిలేశాను. ఎడమవైపు కిందది సగమే వచ్చి, దాని మీద చిగురు ఓ మూతలా ఉండిపోయింది, ఆ మూత కింద అన్నం మెతుకులు ఇరుక్కోవడం, మూడు నెలలకోసారి వాపు, నోరు తెరుచుకోకపోవడం, మెడికల్ షాపుకి వెళ్లి పాత చీటీ చూపించి అవే యాంటీబయాటిక్స్ తెచ్చుకోవడం. మందులతో చీము తగ్గుతుంది కానీ మూత ఎక్కడికీ పోదుగా, మళ్లీ మెతుకులు, మళ్లీ వాపు. లవంగ నూనె రాశాను, ఓ గంట పనిచేసింది. మా తాతయ్య కాలంలో ఆస్పిరిన్ బిళ్లని పంటి పక్కన దవడలో పెట్టుకునేవాళ్లు, దయచేసి ఆ పని చేయకండి, లోపలి కండ కాలి తెల్లగా పొర లేస్తుంది. ఒకే చోట రెండు మూడుసార్లు వాచిందంటే మందులతో నెట్టుకురావడం దండగ అని నాకు ఆలస్యంగా అర్థమైంది. అప్పటికే ముందున్న మంచి పన్ను వెనకవైపు పుచ్చింది, పళ్లన్నీ ఒకే ఫిల్మ్‌లో కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో నల్లమచ్చలా కనిపించింది. ఎందుకూ పనికిరాని పన్నుని దాచుకున్నందుకు పనికొచ్చే పన్నుకి ఫిల్లింగ్ పెట్టించుకున్నాను, ఇప్పటికీ నాకు కడుపుమంట అదే. వాపు మెడలోకి దిగినా, జ్వరమొచ్చినా, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైనా తెల్లారేదాకా కూడా ఆగకూడదు, నేరుగా పెద్దాసుపత్రికే.

సరే, తీయించుకోవాలని తేలాక అసలు ప్రశ్న, నాలుగూ ఒకేసారా, ఒక్కో వైపా?

అక్క కూతురికి చేతి రక్తనాళంలోకి మత్తు ఇచ్చారు. పరగడుపున వెళ్లింది, కుర్చీలో పడుకుంది, లేచేసరికి అయిపోయింది, ఏమీ గుర్తు లేదు, కారు నడిపి తీసుకురావడానికి అక్క వెళ్లింది. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో చూస్తే రెండు చెంపలకీ ఐసు సంచులు కట్టుకుని, పంటినొప్పికి తలచుట్టూ తువ్వాలు కట్టుకున్న మా నాయనమ్మలాగే ఉంది. నాకు చిగుట్లో మత్తు సూది మాత్రమే, మెలకువగానే ఉన్నాను. నొప్పి లేదు, నిజంగా లేదు, కానీ దవడని ఎవరో నేలకేసి అదుముతున్నట్టు ఒత్తిడి, పైగా చప్పుడు. కింద పన్ను అడ్డంగా ఉందని డాక్టరు దాన్ని మిషన్‌తో రెండు ముక్కలు చేశారు, రెండో ముక్క కదిలినప్పుడు చెరకు గడ కణుపు దగ్గర విరిచినట్టు 'టప్' మని నా తలలోపల వినిపించింది. పై పన్ను మాత్రం రెండు నిమిషాల పని, తీశారని కూడా తెలీలేదు. భయస్తులకి డాలస్ పద్ధతే నయం, ఆ మాట ఒప్పుకుంటాను. మన దగ్గరా పెద్ద ఆసుపత్రుల్లో పూర్తి మత్తిచ్చి తీస్తారు, కాకపోతే ముందు రక్తపరీక్షలు, మత్తు డాక్టరు, ఖర్చు అన్నీ పెరుగుతాయి.

ఒకేసారి తీయించుకుంటే సెలవు ఒక్కసారే, మందులు ఒక్కసారే, టెన్షన్ ఒక్కసారే. ఊళ్లు తిరిగే ఉద్యోగమైనా, చదువుకి దూరం వెళ్లిపోయే పిల్లలైనా అదే సులువు. కానీ తిండి? ఆ పిల్లకి నమలడానికి ఒక్క వైపూ మిగల్లేదు. వారం రోజులు ఐస్‌క్రీమ్, ఉడకబెట్టి చిదిమిన బంగాళాదుంప, అక్క పెరుగన్నాన్ని మిక్సీలో వేసి ఇచ్చిన పానకం లాంటి పదార్థం, ఇంతే. నేను మొదటి రోజు చల్లార్చిన రాగిజావ తాగినా, మూడో రోజుకి కుడివైపు మెత్తటి ఇడ్లీ నమిలాను. తిండి దగ్గర ఒక్కో వైపు పద్ధతికి తిరుగులేదు.

ఇంకో కారణం నరం. కింది పంటి వేర్ల పక్కనుంచే పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం పోతుంది. అది ఒరుసుకుంటే కింది పెదవి కొన్ని వారాలో నెలలో మొద్దుబారి ఉంటుంది, చాలామందికి తగ్గిపోతుంది, ఎప్పుడో ఒకరికి ఉండిపోతుంది. ఎక్స్‌రేలో వేర్లు నరానికి ఆనుకున్నట్టుంటే దవడని త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ తీసి చూస్తారు, మరీ చిక్కుగా ఉంటే పైభాగం కోసేసి వేర్లు అలాగే వదిలేసే పద్ధతి కూడా ఉంది. మా డాక్టరు చెప్పిన లెక్క నాకు నచ్చింది: ఒకవైపు పెదవి బాగుందో లేదో చూసుకున్నాకే రెండో వైపు. రెండు వైపులా ఒకేసారి మొద్దుబారితే కాఫీ తాగడం కూడా అద్దం ముందు కూర్చుని చేయాల్సిన పనవుతుంది.

కోలుకోవడంలో నియమాలు రెండింటికీ ఒకటే. దూదిగుడ్డని ముప్పావుగంట గట్టిగా కరిచిపట్టుకోవాలి. మొదటి రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగడం, సిగరెట్టు అయితే ఇంకొన్ని రోజులు కూడా వద్దు. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే మందు, అది ఊడితే ఎముక బయటపడుతుంది. మొదటి రోజు బయటినుంచి ఐసు, ఆ తర్వాతే గోరువెచ్చటి ఉప్పునీళ్లు, మన ఇళ్లలో వాపు కనపడగానే కాపడం పెట్టేస్తారు, తొందరపడకండి. రెండో రోజో మూడో రోజో వాపు బాగా పెరుగుతుంది, కంగారు పడక్కర్లేదు, అక్కణ్నుంచి దిగుతుంది. నొప్పికి ఆ పిల్లకిచ్చిందీ నాకిచ్చిందీ ఒకటే, ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిపి. నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్ మందులకన్నా ఈ జోడీయే మెరుగని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో 2018లో వచ్చిన సమీక్ష కూడా తేల్చింది. అయితే కడుపులో పుండున్నవాళ్లూ, కిడ్నీ జబ్బున్నవాళ్లూ డాక్టరుని అడగకుండా ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.

పథ్యం దగ్గర మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "పప్పు పెట్టకే, కుట్లు చీము పడతాయి" అని మా అత్తయ్య మా ఆవిడకి ఫోన్‌లో ఆర్డరు. డాక్టరుని అడిగితే నవ్వి, మెత్తగా ఉడికించి కారం లేకుండా ఎంతైనా తినమన్నారు. చీము పడలేదు. పప్పు కన్నా పోపు ప్రమాదం! తొమ్మిదో రోజు, కుట్లు తీసేశాక, ధైర్యంగా పప్పుచారు అన్నం తింటే ఓ ఆవగింజ సరిగ్గా ఆ గుంటలోకి దిగింది. నాలుకతో తిప్పితే తగులుతుంది, రాదు. గంటసేపు ఉప్పునీళ్లతో తంటాలు పడితే బేసిన్‌లో 'టిక్' మని పడింది.

ఒక్కో వైపు పద్ధతిలో ఉన్న అసలు లోపం ఏంటంటే, రెండోసారికి మనకి అంతా తెలుసనిపిస్తుంది. కుడివైపు తీయించుకున్న మూడో రోజే ఆఫీసుకెళ్లి, దారిలో కొబ్బరిబోండం స్ట్రాతో తాగి, సాయంత్రం ఓ సిగరెట్టు కూడా. నాలుగో రోజు రాత్రి చెవిలోంచి దవడ దాకా సలుపు మొదలైంది, బిళ్లలకి లొంగలేదు, నోట్లో చెడు వాసన. గుంటలో రక్తపు గడ్డ ఊడి ఎముక బయటపడిందన్నమాట, డ్రై సాకెట్ అంటారు దాన్ని. డాక్టరు గుంట కడిగి లవంగ వాసనొచ్చే మందు కూరారు, పదినిమిషాల్లో ప్రాణం లేచొచ్చింది. చిగురు వాపుకి నేను వృథాగా రాసుకున్న లవంగానికి అసలు చోటు అదన్నమాట.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. ప్రైవేటులో నాకు ఒక్కో కింది పంటికి ఎనిమిది వేలు. టైముంటే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, ఆంధ్రలో అయితే విజయవాడ, కడపలో ఉన్నవి చూడండి, పీజీ విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లుంటారు, మీరు పెట్టాల్సింది క్యూలో ఓపిక. ఎక్కడైనా సరే, అడ్డంగా ఉన్న పన్నైతే ఓరల్ సర్జన్ చేతే తీయించుకోండి.

నా మాట ఇదీ: ఇరవై లోపు ఉండి, నాలుగూ తీయాల్సినవే అని ఎక్స్‌రే చెప్తే, ఇంట్లో చూసుకునేవాళ్లుంటే ఒకేసారి కానిచ్చేయండి. పాతికా ముప్పై దాటితే ఒక్కో వైపు, కిందదీ పైదీ కలిపి.

ఆ 'పైదీ కలిపి' దగ్గరే నేను తప్పు చేశాను. కుడివైపు పైది నిటారుగా ఉంది, నొప్పి లేదు కదా అని ఉంచేశాను. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని మా ఇంట్లో వాళ్ల గోల, చూపు నరానికీ పంటికీ సంబంధమే లేదు, నేను ఆగింది అందుకు కాదు, ఉత్త బద్ధకం. ఇప్పుడు కింద జోడు పన్ను లేకపోయేసరికి అది మెల్లగా కిందికి దిగి, పూరీ నమిలినప్పుడల్లా చెంప కొరుకుతోంది. "మామయ్యా, నాలుగోది ఎప్పుడు?" అని ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. కొత్తావకాయ జాడీ ఖాళీ అయ్యాక అని చెప్పాను.