ఐదుకి ఐదూ కరెక్ట్‌గా చెప్పాడని పదిహేను వేలు కట్టాను, మీరు కట్టకండి

శ్రీకాకుళం చుట్టుపక్కల ఎవరికైనా "ఈరోజు నిఫ్టీ ఎటు వెళ్తుందో ఉచితంగా చెప్తాం" అని వాట్సాప్ మెసేజ్‌లు వస్తుంటే కాస్త ఆగి ఇది చదవండి. నిఫ్టీ అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ. పేరు రాయడం లేదు, కంప్లయింట్ నడుస్తోంది.

నాకు మూడు వారాల్లో ఐదు మెసేజ్‌లు వచ్చాయి. పొద్దున్న తొమ్మిదింటికి ఒకటే ముక్క, పైకి అనో కిందకి అనో. ఐదూ నిజమయ్యాయి. తర్వాత ఆ మెసేజ్‌లు పంపినవాడే ఫోన్ చేసి ఒక హోటల్ మేడమీద క్లాసుకి పిలిచాడు. 2020లో తను పెట్టిన లక్ష ఎంతయిందో తెరమీద చూపించాడు. అప్పుడు తట్టలేదు గానీ, 2020 మార్చిలో నిఫ్టీ 7,600 దాకా పడిపోయి 2021 అక్టోబరుకి 18,000 దాటింది, ఆ టైములో కళ్ళు మూసుకుని కొన్నవాడికీ లాభమే. నేనూ అప్పుడు ఇరవై వేలు పెట్టి బాగుపడ్డవాణ్ణే. అదంతా నా బుర్ర అనుకున్నాను, అందుకే వాడి బుర్రనీ నమ్మేశాను.

ఫీజు రూ.15,000. యూపీఐ చేస్తే వేరెవరిదో పేరు వచ్చింది, అక్కడే ఆగాల్సింది. వాడు చెప్పినట్టు పెడితే మొదటి రెండుసార్లు తొమ్మిది వేల దాకా లాభం వచ్చింది, ఇంటికి స్వీట్లు కూడా పట్టుకెళ్ళాను. మూడోసారి ఎక్స్‌పైరీ రోజున, అంటే ఆప్షన్ల గడువు ముగిసే రోజున, చీటీ పాడిన డబ్బు డెబ్బై వేలు పెట్టి కాల్ ఆప్షన్లు (మార్కెట్ పెరుగుతుందని వేసే పందెం లాంటివి) కొన్నాను. మార్కెట్ పడింది. సాయంత్రానికి ఎనిమిది వందలు మిగిలాయి.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ మా బావకి చెప్తే, "ఆడు నాకూ పంపేవోడురా, రెండోదే తప్పయిపోయింది, మళ్ళీ రాలేదు" అన్నాడు. ఇద్దరి ఫోన్లూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూశాం. అదే నంబరు, అదే బుధవారం, 9:02కి. నాకు పైకి, బావకి కిందకి. "ఏటిరా ఇది?" అని బావ నవ్వాడు, నాకు మాత్రం టీ గొంతు దిగలేదు.

లెక్క వేసుకోండి. 640 మందిలో సగానికి పైకి, సగానికి కిందకి అని పంపితే 320 మందికి నిజమవుతుంది. వాళ్ళని మళ్ళీ సగం చేస్తే 160, తర్వాత 80, 40, చివరికి 20. ఆ ఇరవై మందికీ వాడు దేవుడు, మిగతా 620 మంది మాకు కనపడరు. ఆ ఇరవై మందీ ఫీజు కడితే మూడు లక్షలు, మార్కెట్ గురించి ఒక్క ముక్క తెలియకుండానే.

అదృష్టాన్ని తెలివి అనుకోవడం మాకు కొత్తేం కాదు. బావ వాళ్ళది పలాస దగ్గర జీడితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి సగం చెట్లు పడిపోయాయి. అంతకు ముందు ఏడాది పక్కతోట అమ్మేసినాయన్ని మాత్రం ఊరంతా తెలివైనవాడు అంది. తుఫాను వస్తుందని ఆయనకేమైనా కల వచ్చిందా? కూతురి పెళ్ళికని అమ్ముకున్నాడు, అంతే.

స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. 2021-22 నుంచి 2023-24 దాకా ఫ్యూచర్స్, ఆప్షన్లు అనే ఈ పందేల్లో దిగిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, సగటున తలా రెండు లక్షల దాకా. ఇది ముందే చదివినా నేను ఆ 7 శాతంలో ఉంటాననే అనుకునేవాణ్ణేమో.

ఎవరికైనా డబ్బు కట్టే ముందు సెబీ వెబ్‌సైట్‌లో వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి. లాభం గ్యారంటీ అన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి. కట్టేసినవాళ్ళు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నేను వారం ఆలస్యం చేశాను, ఇప్పుడు స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ ఉచిత క్లాసు ఉందట. మీలో ఎవరికైనా ఆ మెసేజ్‌లు వచ్చి ఉంటే, తప్పయినవి కూడా, డిలీట్ చేయకుండా తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి. కంప్లయింట్‌కి నాకు కావలసింది ఆ తప్పులే.