చిన్న లాండ్రీ గది అరలు, ర్యాకులు: ఏళ్ల తరబడి వాడాక ఏవి నిలిచాయి, ఏవి తీసేశాను

మెషీన్ పెట్టాక మనిషి నిలబడి అటూ ఇటూ తిరగడానికి సరిపడా జాగా మాత్రమే మిగిలే గది మాది. ఇందులో గోడ అరలు, వైరు ర్యాకు, సందులో దూరే చక్రాల ర్యాకు, పైకి లాగే దండెం, అంటించే హుక్కులు అన్నీ వాడాను. కొన్న కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. అసలు రంగు ఏడాది తిరిగాకే బయటపడుతుంది. ఈ గదిలో సామాను పాడయ్యేది బరువు వల్ల కన్నా చెమ్మ వల్ల, మెషీన్ అదురు వల్ల. ఈ రెండింటినీ తట్టుకున్నవే ఇప్పటికీ గోడ మీద ఉన్నాయి.

ముందు గోడ అరల సంగతి, ఎందుకంటే రోజూ చెయ్యి వెళ్లేది వాటి మీదికే. నావి నీటిని తట్టుకునే రకం ప్లైవుడ్ పలకలు, 18 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల లోతు. ఏళ్లు గడిచినా వంగలేదు. 12 మిల్లీమీటర్ల పలక చాలదా అని చాలామంది అడుగుతారు. పలక వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 18 మిల్లీమీటర్లది 12 దానికన్నా మూడు రెట్లకు పైగా బిగువుగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యం బ్రాకెట్ల మధ్య దూరం. అర పొడవునా ఒకే తీరున బరువు పేర్చినప్పుడు ఆ దూరం రెట్టింపైతే వంపు పదహారు రెట్లు అవుతుంది. ఇంకా మందం పలకకు డబ్బు పెట్టేకంటే మధ్యలో మరో బ్రాకెట్ బిగించడం మేలు. లిక్విడ్ డబ్బాలు చూడ్డానికి చిన్నవే కానీ లీటరు డబ్బా సుమారు కిలో తూగుతుంది. అలాంటివి ఐదారు ఒకచోట చేరితే సన్న పలక నడుం వంచేస్తుంది.

ప్లైవుడ్‌లో చెమ్మ ముందు దూరేది కోసిన అంచుల్లోంచి. పైన లామినేట్ ఎంత బాగున్నా అంచులకు పట్టీ గానీ రంగు గానీ లేకపోతే లాభం లేదు. గోడవైపు అంచు కూడా వదలకూడదు. కనపడదు కదా అని వడ్రంగులు వదిలేసేది దాన్నే.

లోతు 30 సెంటీమీటర్లు దాటక్కర్లేదు. లోతైన అరలో వెనక వరసలో ఉన్నవి మరుపున పడిపోతాయి, ఉన్న సబ్బుపొడి మళ్లీ కొంటాం. పైగా మెషీన్ ముందు వంగి లేచేటప్పుడు తల తగిలేది ఇలాంటి అరలకే. టాప్ లోడ్ మెషీన్ ఉన్నవాళ్లు మూత పూర్తిగా తెరిచి, ఆ ఎత్తు కొలిచాకే పైన మొదటి అర బిగించాలి. మాది ఫ్రంట్ లోడ్ కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ కింద ముందువైపు ఫిల్టరు మూత ఉంటుంది. దాని ముందు సామాను పేరిస్తే ఫిల్టరు కడగాల్సిన ప్రతిసారీ అదంతా జరపాలి. నీళ్ల ట్యాపు, ప్లగ్గు కూడా అరల వెనక పడకూడదు, హోస్ పైపు ఊడిన రోజున ట్యాపు కట్టేయడానికి చెయ్యి దూరాలి.

ఈ ఇంట్లో మేం దిగేనాటికే గదిలో ఒక పార్టికల్ బోర్డు అల్మారా ఉండేది. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే ఆ బోర్డు ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బిందంటే ఎండినా మళ్లీ పాత మందానికి రాదు. అడుగు పలక ఉబ్బి, తలుపులు పట్టేసి, స్క్రూలు పట్టు వదిలి, చివరికి లోపల బూజు వాసన పట్టుకుంది. తీసి పారేశాం. తలుపులున్న అల్మారా గదిని అందంగా చూపిస్తుందన్నది నిజమే. కానీ తేమ గదిలో గాలి ఆడని పెట్టె నాకు వద్దు. తెరిచి ఉన్న అర మీద దుమ్ము పడితే తుడుచుకోవచ్చు, బూజు అలా పోదు.

వైరు ర్యాకులో గాలి బాగా ఆడుతుంది, ఆ ఒక్క గుణానికి మంచి మార్కులే. మిగతా విషయాల్లో నాకంత నచ్చలేదు. సన్న సీసాలు తీగల మధ్య ఒరిగిపోతాయి, కారిన లిక్విడ్ కింది అర మీది తువ్వాళ్ల మీద పడుతుంది. పైపూత లేచిన చోట, ముఖ్యంగా కోసిన చివర్ల దగ్గర, తుప్పు మొదలై బట్టలకు మరకలవుతాయి. ఇప్పుడు దాన్ని ఖాళీ బుట్టలకు మాత్రమే ఉంచాను.

మెషీన్‌కీ గోడకీ మధ్య సందులో దూరే సన్న చక్రాల ర్యాకు ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. వాడకంలో ఓ చిక్కుంది. నీళ్లు పోవడానికి నేల జాలీ వైపు వాలుగా ఉంటుంది కదా, మెషీన్ స్పిన్‌లో అదిరినప్పుడు ర్యాకు మెల్లగా బయటికి నడిచొచ్చేస్తుంది. తాళం వేసే చక్రాలున్నది తీసుకుంటేనే పనికొస్తుంది. బరువైన డబ్బాలు అడుగు అంతస్తులో పెట్టాలి, లేదంటే లాగినప్పుడు పైభాగం ఊగుతుంది. ర్యాకు మెషీన్‌ను తాకకుండా అటూ ఇటూ కాస్త ఎడం ఉండాలి. సందు మరీ ఇరుకైతే దీని జోలికి పోకపోవడమే మంచిది.

మెషీన్ నెత్తి మీద ఏమీ పెట్టకండి. నిమిషానికి 1200 నుంచి 1400 సార్లు తిరిగే డ్రమ్ము పైన సీసా ఎంత బాగా పెట్టినా ఎక్కడికో జారుతుంది. మెషీన్ ఆగాక బట్టలు మడతపెట్టుకునే బల్లగా మాత్రం అదే భేష్.

అంటించే హుక్కులు నున్నని టైల్ మీద నిలుస్తాయి, అదీ టైల్‌ను స్పిరిట్‌తో తుడిచి, అంటించాక ఒక రోజు ఆగి బరువు వేలాడదీస్తేనే. రంగు వేసిన గోడ మీద పెడితే రంగుతో సహా ఊడొస్తాయి. గాలి పట్టుతో నిలిచే రబ్బరు హుక్కులు శుద్ధ దండగ.

అన్నిటికన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది సీలింగ్‌కు గిలకలతో వేలాడే దండెం. తాడు లాగితే కిందికి దిగుతుంది, బట్టలు వేసి పైకి లాగేస్తే గదిలో జాగా జాగాలాగే ఉంటుంది. వెచ్చని గాలి పైకే చేరుతుంది కాబట్టి బట్టలు త్వరగానే ఆరతాయి. హుక్కు గట్టి స్లాబులో దిగాలి, ఫాల్స్ సీలింగ్‌కు బిగిస్తే తడి దుప్పటి బరువుకు ఊడి నెత్తిన పడుతుంది. కొన్నాళ్లకు తాడు అరుగుతుంది, దాన్ని మార్చడం తేలికే. మరో సంగతి, ఒక వాయి తడి బట్టల నుంచి సుమారు రెండు లీటర్ల నీళ్లు గదిలోని గాలిలోకి చేరతాయి. కిటికీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాను గానీ లేకపోతే ఆ నీరంతా అరల మీదా గోడల మీదా తేలుతుంది. స్పిన్ వేగం పెంచితే బట్టల్లో మిగిలే నీరు తగ్గుతుంది, ఆ మేరకు గదికీ హాయి.

సబ్బుపొడి గాజు జాడీల్లో పోసి వరసగా పేర్చడం ఫ్యాషన్ అయింది. నాకైతే నచ్చదు. పొడికి కావలసింది బిగుతైన మూత, అందమైన జాడీ కాదు. తడి చేతులతో పట్టుకునే గాజు జాడీ ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. పైగా డబ్బా మీది హెచ్చరికలు పోతాయి. రంగురంగుల లిక్విడ్ క్యాప్సూల్స్ పిల్లలకు చాక్లెట్లలా కనిపిస్తాయి, వాటిని మూత బిగించి అందనంత ఎత్తులో పెట్టాల్సిందే. బ్లీచ్‌ను మాత్రం కింది అరలో, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌కు దూరంగా, తాళం ఉన్న డబ్బాలో ఉంచాను. ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచ్ ఆవిరికి పక్కనున్న ఇనుప బుట్టలు కూడా తుప్పు పడతాయి, వేడికీ వెలుతురుకీ దాని పదును తగ్గుతుంది. అందుకే పెద్ద డబ్బా కొని దాచడం మానేశాను.

ఇస్త్రీ బల్ల తలుపు వెనక రెండు స్టీలు హుక్కులకు వేలాడుతుంది. స్క్రూలు దిగింది గట్టి చెక్కలో కాబట్టి సరిపోయింది, లోపల డొల్లగా ఉండే తలుపైతే అలాంటి తలుపులకు వాడే ప్రత్యేక స్క్రూ ప్లగ్గులు లేకుండా అంత బరువు పెట్టడం నాకు ధైర్యం చాలదు.