బాస్కెట్‌బాల్ జీఎం: అడుగున పడ్డ జట్టుని లేపాలనుకునేవాళ్ళకి

ముందు రేటింగ్ చెప్పేస్తే ఒక పనైపోతుంది: అయిదుకి నాలుగు. ఆ పోయిన ఒకటి ఎందుకు పోయిందో కింద వస్తుంది.

బాస్కెట్‌బాల్ జీఎం బ్రౌజర్‌లో ఆడే ఆట. జెరెమీ షెఫ్ అనే ప్రోగ్రామర్ తయారుచేశాడు. డౌన్‌లోడ్ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. యాడ్లు వస్తాయి, అవి వద్దనుకుంటే నెలకు 5 డాలర్లు. మీరు జట్టుకి జనరల్ మేనేజర్. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఎవరి పేరు పిలవాలి, ఎవరికెంత జీతం ఇవ్వాలి, ఇంతవరకే మీ పని. మ్యాచ్ కంప్యూటరే ఆడేసి స్కోరు చేతిలో పెడుతుంది. తెర నిండా పట్టికలే. బొమ్మల కోసం వచ్చినవాళ్ళు పావుగంటలో మూసేస్తారు. తెల్లవారుజామున అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూస్తూ "ఈ ట్రేడ్ ఎందుకు చేశార్రా వీళ్ళు" అని తల పట్టుకునే రకం మాత్రం దీన్ని అంత తొందరగా వదలరు.

ఒకసారి పేజీ తెరుచుకుంటే తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. లీగ్ మొత్తం మన ఫోన్‌లోనే, బ్రౌజర్ లోపల సేవ్ అవుతుంది. నెల్లూరులో బస్సెక్కి ఒంగోలులో దిగేలోపు, మధ్యలో సిగ్నల్ పోయినా, రెండు మూడు సీజన్లు తిప్పేయొచ్చు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. కాకపోతే ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) పేజీలో రెండు జట్ల ఆటగాళ్ళూ ఒకేసారి కనిపించాలంటే ల్యాప్‌టాప్ తెరే హాయి. మెనూలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, తెలుగు లేదు.

లీగ్ పెట్టేటప్పుడు 30 జట్లలో ఒకదాన్ని మార్చి సొంత ఊరి పేరు పెట్టుకోవచ్చు. ఒంగోలు బుల్స్ అని పెట్టుకోండి, నెల్లూరు పేరే పెట్టుకోండి. ఆ పక్కనే జనాభా గడి ఉంటుంది, దాన్ని మిలియన్లలో నింపాలి. 2011 లెక్కల ప్రకారం నెల్లూరు నగరం సుమారు అయిదు లక్షలు, అంటే 0.5. ఊరి మీద అభిమానంతో 5 అని కొట్టాలనిపిస్తుంది. కొట్టారా, ఆట చప్పబడిపోతుంది. చిన్న ఊరైతే ఆదాయం తక్కువ. పైగా ఆటగాడి మూడ్ లెక్కలో ఊరి సైజు కూడా ఒక అంశం కాబట్టి పెద్ద ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్టు అయిపోయి ఏ జట్టుకైనా వెళ్ళగల ఆటగాడు) "మీ ఊరికి రాను" అని మొహం మీదే చెప్పేస్తాడు. అప్పుడు మిగిలేవి రెండే దారులు, ట్రేడ్లూ డ్రాఫ్టూ. ఈ ఆట అసలు రుచి అక్కడే ఉంది.

ఎన్‌బీఏలో దీనికి కొలబద్ద ఓక్లహోమా సిటీ జట్టు. 2019 జులైలో తన స్టార్ పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్ జట్టుకి ఇచ్చి షే గిల్జస్-అలెగ్జాండర్‌ని, గల్లినారిని, అయిదు ఫస్ట్ రౌండ్ పిక్‌లని (డ్రాఫ్ట్ తొలి విడతలో ఎంచుకునే వంతులు), రెండు స్వాప్ హక్కులని (అవతలి జట్టు వంతుతో తన వంతు మార్చుకునే హక్కు) తెచ్చుకుంది. 2022లో క్లిప్పర్స్ నుంచి వచ్చిన 12వ పిక్‌తో జేలెన్ విలియమ్స్‌ని, అదే డ్రాఫ్ట్‌లో తన సొంత 2వ పిక్‌తో చెట్ హోమ్‌గ్రెన్‌ని తీసుకుంది. 2025లో చాంపియన్. మధ్యలో ఆల్ హోర్ఫోర్డ్ బేరం ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2020లో ఫిలడెల్ఫియా వదిలించుకోవాలనుకున్న అతని భారీ జీతాన్ని నెత్తిన పెట్టుకున్నందుకు ఒక ఫస్ట్ రౌండ్ పిక్ పుచ్చుకుంది. 2021లో అతన్నే బోస్టన్‌కి పంపి, కెంబా వాకర్‌తో పాటు ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ రాబట్టింది. ఒకే మనిషి, రెండు వైపులా రాబడి.

ఈ పద్ధతిని ఆటలో దింపాలంటే మొదటిరోజు రోస్టర్‌ని (జట్టు ఆటగాళ్ళ జాబితా) వయసు వారీగా పేర్చండి. ఇక్కడ రేటింగ్ కొలత వేరుగా ఉంటుంది. 75 దాటితే ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) స్థాయి, 65 దాటితే లీగ్‌లో పేరున్నవాడు, 55 దాటితే స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే అయిదుగురిలో ఒకడు), 45 దాటితే బెంచ్ మీద పనికొచ్చేవాడు. మిగతా ఆటల్లో 85, 90 చూసి అలవాటైనవాళ్ళు 62 ఉన్నవాణ్ణి చూసి పెదవి విరుస్తారు. వాడు మంచి సరుకే. జట్టు అడుగున ఉండగా 29 దాటి 60 పైన ఉన్నవాడెవరైనా దొరికితే వాణ్ణి అమ్మేయాలి. రొయ్యల చెరువులో ఇంకో పది రోజులు ఆగితే కౌంట్ బాగుంటుందని చూస్తుండగానే వైట్ స్పాట్ తెగులు వచ్చి పడ్డట్టు, ఇంకో సీజన్ ఆగితే పిక్‌లు ఎక్కువొస్తాయని ఆగిన జీఎంకి ప్రీసీజన్‌లో (కొత్త సీజన్‌కి ముందు దశ) రేటింగ్ 5 పాయింట్లు పడిపోయిన ఆటగాడు మిగులుతాడు.

ఎవరికి అమ్మాలన్నది కూడా చూడాలి. ప్రతి కంప్యూటర్ జట్టూ టైటిల్ కోసం పోరాడే దశలోనో, కొత్తగా కట్టుకునే దశలోనో ఉంటుంది. కట్టుకునే జట్టుకి ముప్పై ఏళ్ళవాడి మీద ఆశ ఉండదు, పిక్‌ల మీదా కుర్రాళ్ళ మీదా మోజు ఎక్కువ. కాబట్టి పెద్దవాణ్ణి గెలిచే జట్టుకి చూపించాలి. ట్రేడింగ్ బ్లాక్ అనే పేజీలో ఆ ఆటగాడికి టిక్ పెట్టి ఆఫర్లు అడిగితే వరసగా వస్తాయి. మొదటి ఆఫర్‌కే ఒప్పేసుకోవడం ఇక్కడ జరిగే పెద్ద నష్టం. ఆ ఆఫర్‌ని ట్రేడ్ పేజీలోకి తెచ్చి, అవతలి నుంచి ఇంకో సెకండ్ రౌండ్ పిక్‌కి టిక్ పెట్టండి. ఒప్పుకుంటున్నట్టు కనిపిస్తే ఇంకోటి పెట్టండి. చాలదన్న మాట వచ్చాక ఒక మెట్టు వెనక్కి రండి. ఆ అంచులో దొరికే రెండు మూడు పిక్‌లే తర్వాత పెద్ద బేరానికి పెట్టుబడి అవుతాయి.

ఏం కలిపితే బేరం కుదురుతుందో అవతలివాళ్ళనే అడిగే బటన్ ఒకటుంది. సౌకర్యమే, అయితే మన వైపు నుంచి ఏం లాగాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. అడిగింది పారేయదగ్గ ఆటగాడైతే సరే. వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ అడిగితే మాత్రం దాన్ని తీసేసి మీ చేత్తో వేరేవి కలిపి చూడండి.

నాలుగు 50లు ఇచ్చి ఒక 70 ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. స్టార్ విలువ పైకి పోయేకొద్దీ నిట్టనిలువుగా పెరిగేలా లెక్క కట్టారు, అది సబబే. జట్టు బలం లెక్కలోనూ మొదటి పదిమందీ ఉంటారు కానీ మొదటివాడి వాటా అందరికన్నా ఎక్కువ, కిందికి దిగేకొద్దీ తగ్గుతూ పోతుంది. అందుకే కట్టేటప్పుడు పిక్‌లుగా చిల్లర మార్చుకుని, ఇద్దరు 65 దాటాక ఆ చిల్లరంతా పోగేసి ఒక్క పెద్ద నోటుగా మార్చాలి. ఈ రెండో సగం చాలామంది చేయరు. పిక్‌లు దాచుకుంటూ పోయి ఎనిమిదేళ్ళ తర్వాత కూడా "ఇంకా కడుతున్నాం" అంటారు. రోస్టర్ 15 మందితో సరి. పిక్‌లు పదున్నా కూర్చోబెట్టడానికి కుర్చీలుండవు.

డ్రాఫ్ట్ విషయానికొస్తే, లాటరీ (వెనకబడ్డ జట్లలో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే డ్రా) అచ్చం 2019లో ఎన్‌బీఏ తెచ్చిన పద్ధతే. మొదటి పిక్ దక్కే అవకాశం అట్టడుగు మూడు జట్లకీ తలా 14 శాతం, మొదటి నాలుగు పిక్‌లకే డ్రా. అంటే ఆఖరున నిలిచిన జట్టు 5వ పిక్ దాకా జారొచ్చు. పాత పద్ధతిలో ఆఖరివాడికి 25 శాతం ఉండేది. 2025లో డాలస్ 1.8 శాతంతో మొదటి పిక్ కొట్టుకుపోయి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంది. కావాలని 70 మ్యాచ్‌లు ఓడటం ఇప్పుడు అంత లాభసాటి వ్యాపారం కాదని ఆట కూడా చూపిస్తుంది. పైగా ఓనర్ గెలుపులు, ప్లేఆఫ్‌లు, డబ్బు మూడూ లెక్కేస్తుంటాడు. మొదట్లో ఉన్న గడువు అయ్యాక మూడూ కలిపిన లెక్క బాగా మైనస్‌లోకి పోతే ఉద్యోగం ఊడుతుంది.

కుర్రాణ్ణి ఎంచేటప్పుడు రెండు అంకెలుంటాయి, ఇప్పటి రేటింగూ ముందుకు అంచనా వేసిన రేటింగూ. ఆ అంచనా పైకప్పు కాదు, దాన్ని దాటి పోయేవాళ్ళూ ఉంటారు, దగ్గరికి రానివాళ్ళూ ఉంటారు. 48 ఉన్న 22 ఏళ్ళవాడికన్నా 42 ఉన్న 19 ఏళ్ళవాడు మేలు. డ్రాఫ్ట్‌కి వచ్చేవాళ్ళ అంకెల్లో కావాలనే కొంత మసక కలిపారు. స్కౌటింగ్ (కుర్రాళ్ళని ముందే వెతికి అంచనా వేయడం) మీద ఖర్చు పెంచితే ఆ మసక తగ్గుతుంది, కానీ పెట్టిన డబ్బుకి దక్కేది స్వల్పం. దాన్ని అడుక్కి దించి ఆ సొమ్ము కోచింగ్‌కీ, సదుపాయాలకీ మళ్ళించడం అనుభవజ్ఞుల పద్ధతి. సదుపాయాల ఫలితం ఏళ్ళ తరబడి నిదానంగా వస్తుంది కాబట్టి మొదటి సీజన్ నుంచే పెట్టాలి.

సెకండ్ రౌండ్‌ని కొట్టిపారేయొద్దు. ఎన్‌బీఏ స్టార్ నికోలా యోకిచ్ 2014లో 41వ పిక్. మన సత్నాం సింగ్ 2015లో 52వ పిక్‌గా డాలస్‌కి వెళ్ళాడు, భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదన్నది వేరే సంగతి. ఆటలో ఫస్ట్ రౌండ్ కుర్రాడికి మూడేళ్ళ కాంట్రాక్టు, సెకండ్ రౌండ్‌వాడికి రెండేళ్ళు. ఈ చవక జీతం ఏళ్ళలోనే జట్టు చుట్టూ మిగతావాళ్ళని కొనుక్కోవాలి.

కొత్తవాళ్ళు చేతులు కాల్చుకునే చోటు క్యాలెండర్. సీజన్ అయ్యాక డ్రాఫ్ట్, తర్వాత సొంత ఆటగాళ్ళ కాంట్రాక్టులు, ఆ తర్వాత ఫ్రీ ఏజెన్సీ, చివర్న ప్రీసీజన్. రేటింగులు మారేది ప్రీసీజన్‌లో. ఫ్రీ ఏజెన్సీలో 33 ఏళ్ళ 64వాడికి మూడేళ్ళు రాసిచ్చి, ఒక బటన్ నొక్కగానే 58 చూసి ఉసూరుమంటారు. తీసేద్దామంటే ఆ జీతం కాంట్రాక్టు అయ్యేదాకా లెక్కలోనే ఉంటుంది. ముప్పై దాటినవాడు కావాలంటే ఒక్క ఏడాదికే రాయండి. అందులోనూ షూటింగ్, పాసింగ్, ఆట తెలివి మీద బతికేవాణ్ణి చూడండి. వేగం, ఎగరడం ముందు పోతాయి. చేతి నైపుణ్యం చాలాకాలం నిలుస్తుంది. ఇంకోటి: సొంతవాళ్ళ కాంట్రాక్టుల దశని చూడకుండా దాటేస్తే మీ మంచి కుర్రాడు ఊరికే చేజారిపోతాడు. మొదటి కాంట్రాక్టు ముగుస్తున్నవాడు రెండోదానికి సులువుగా ఒప్పుకునేలా మూడ్‌లో బోనస్ ఉంటుంది, ఆ అవకాశం పోగొట్టుకోవద్దు. జీతాల పరిమితి దాటాక కూడా సొంతవాళ్ళని నిలుపుకోవచ్చు. బయటివాళ్ళని మాత్రం కనీస జీతానికే తెచ్చుకోగలరు, ట్రేడ్‌లో పంపినదానికన్నా తక్కువ జీతమే వెనక్కి తీసుకోవాలి.

ఇక పోయిన ఆ ఒక్క మార్కు. పిక్‌లకి రక్షణ షరతులు పెట్టే వీలు ఇందులో లేదు, స్వాప్‌లు లేవు. అసలు ఎన్‌బీఏ బేరాల్లో సగం తెలివి అక్కడే ఉంటుంది. హోర్ఫోర్డ్ బేరంలో ఓక్లహోమాకి రావాల్సిన ఫిలడెల్ఫియా 2025 పిక్‌కి, మొదటి ఆరులో పడితే ఇవ్వక్కర్లేదన్న షరతు ఉంది. లాటరీలో అది 3వదిగా పడింది, ఫిలడెల్ఫియా దగ్గరే ఉండిపోయింది. ఇలాంటి ఉత్కంఠ ఈ ఆటలో దొరకదు. బ్రూక్లిన్ 2013లో సీనియర్ స్టార్లు పియర్స్, గార్నెట్‌ల కోసం బోస్టన్‌కి 2014, 2016, 2018 పిక్‌లూ 2017 స్వాపూ రాసిచ్చి కూలబడింది. అందులోంచి బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్, టేటమ్ దక్కారు. ఆ స్వాప్ ముక్క లేకపోతే ఈ కథ సగమే. ఇక్కడ పిక్ అంటే పిక్కే, ఇచ్చేస్తే పోయినట్టే, అదీ నాలుగేళ్ళ ముందు దాకే. ఎన్‌బీఏలో ఏడేళ్ళ ముందువీ తాకట్టు పెట్టొచ్చు.

రెండో లోపం, నార్మల్ స్థాయిలో కంప్యూటర్ జట్లు మెతకగా ఉంటాయి. కిటుకులు తెలిశాక నాలుగో సీజన్‌కే కప్పు కొట్టేస్తారు. హార్డ్ లేదా ఇన్సేన్‌కి మారిస్తే బేరాలు బిగుస్తాయి. హార్డ్ క్యాప్ (దాటడానికి వీల్లేని జీతాల పరిమితి) పెట్టుకుంటే ఇంకా బిగుస్తుంది, సొంతవాళ్ళని కూడా పరిమితి దాటి ఉంచుకోలేరు.

అసలు ఆటగాళ్ళతో ఆడే పద్ధతి కూడా ఉంది, 1947 నుంచి ఏ సీజన్‌లోనైనా మొదలుపెట్టొచ్చు. అయితే పేరు చూసి ఎగబడొద్దు. ఎదుగుదల మళ్ళీ పాచికలే, చరిత్రలో చాంపియన్ అయినవాడు మీ లీగ్‌లో బెంచ్‌కే అతుక్కుపోవచ్చు. నిజజీవితం వైపు ఎంత మొగ్గాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. మొదటిసారికి కల్పిత ఆటగాళ్ళ లీగే మంచిది, పేర్ల మోజు లేకుండా అంకెలు చదవడం వస్తుంది.

జాగ్రత్త ఒక్కటి. బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే లీగ్ మొత్తం పోతుంది. స్టోరేజ్ నిండిందని ఫోన్ శుభ్రం చేసేటప్పుడు, ఇంట్లో పిల్లలు సెట్టింగులు కెలికినప్పుడు, ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఆడినప్పుడు జరిగేది ఇదే. టూల్స్ మెనూలో లీగ్‌ని ఎక్స్‌పోర్ట్ చేసే దారి ఉంది. సీజన్‌కోసారి, డ్రాఫ్ట్‌కి ముందు, ఆ ఫైలు తీసి గూగుల్ డ్రైవ్‌లో వేసుకోండి. ఫోన్ మార్చినా కొత్త లీగ్ పెట్టే పేజీలో ఆ ఫైలు ఎక్కిస్తే ఆగినచోటి నుంచే మొదలవుతుంది.