నాలుగేళ్లుగా అడ్వాన్స్-డిక్లైన్ లెక్క రాస్తున్నా, పనికొచ్చిందా అంటే...

2021 దీపావళి నుంచి రోజూ మార్కెట్ మూశాక ఎన్ని షేర్లు పెరిగాయి, ఎన్ని తగ్గాయి అని ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్లో చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. బెంగళూరులో ఆఫీసు నుంచి మారతహళ్లికి తిరిగొచ్చే క్యాబ్ సిల్క్ బోర్డ్ దగ్గర ఎలాగూ కదలదు, కాబట్టి టైమ్‌కి లోటు లేదు.

పనికొస్తుంది, సగం. ఎన్ఎస్ఈలోని యాభై పెద్ద కంపెనీల ఇండెక్స్ నిఫ్టీ 50లో పెద్ద పది కంపెనీలదే సగానికి పైగా వెయిట్, అంటే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, రిలయన్స్ లాంటివి లేస్తే చాలు ఇండెక్స్ పచ్చగా ఉంటుంది, మన పోర్ట్‌ఫోలియో మాత్రం ఎర్రగా. ఇదివరకు అలాంటి రోజున నా ఎంపికే తప్పేమో అని టెన్షన్ పడి అమ్మేసేవాణ్ణి. ఇప్పుడు పెరిగినవాటికి రెట్టింపు తగ్గాయని కనిపిస్తే, ఓహో అందరికీ ఇదే గోల అనుకుని ఫోన్ జేబులో పెట్టేస్తున్నా.

కొనడానికీ అమ్మడానికీ మాత్రం దీన్ని నమ్మకండి. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది, నా నోట్‌బుక్‌లో ఆ పేజీ చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. 7వ తేదీకల్లా పోయిందంతా వెనక్కొచ్చేసింది!

ఇక ఫోన్ మీద నడిచే వ్యాపారాల షేర్లకైతే ఈ లెక్క శుద్ధ దండగ. 2022 జూలైలో మార్కెట్ బాగా లేచింది, అదే నెలలో జొమాటో పాత ఇన్వెస్టర్ల ఏడాది లాకిన్ (షేర్లు అమ్మకూడదన్న గడువు) తీరడంతో 76 రూపాయలకి ఇష్యూ చేసిన షేరు 45 కిందికి దిగింది. వీటి కథ వీటిదే.

మా బావది ఇంకో పద్ధతి. టీకొట్టు, పూలబండి, ఎక్కడ చూసినా సౌండ్‌బాక్సే అరుస్తోంది, ఇంక పేమెంట్ షేరు పడుతుందా అంటాడు. ఆయన మాట విని ఒకటి కొన్నా, పేరెందుకులెండి. తర్వాత తెలిసొచ్చింది, 2020 జనవరి నుంచి యూపీఐ మీద ఎండీఆర్, అంటే పేమెంట్‌కి వ్యాపారి కట్టే కమీషన్, సున్నా, మనం బ్యాంకు ఖాతా నుంచి టీకి స్కాన్ చేస్తే కొట్టువాడి నుంచి కంపెనీకి కమీషన్ రాదు, డబ్బా అద్దె, అప్పులిప్పించడం లాంటివాటి మీద సంపాదించుకోవాలి. ఇదంతా చెబితే బావ, "అయితే అద్దె ఎంతో కనుక్కో" అన్నాడు. టీకొట్టాయన్ని అడిగా. నెల నెలా కట్ అవుతోందట, ఎంతో ఆయన ఎప్పుడూ చూసుకోలేదట.