కిటికీ ఉన్న గది, వెలుతురు లేని గది

హైదరాబాదు పాత కట్టడాల్లో వెలుగునీడలను ఎలా వాడుకున్నారో చూద్దామని ఖమ్మం నుంచి బయలుదేరిన మాకు మొదట తగిలింది నాంపల్లి దగ్గరి ఒక లాడ్జి. కిటికీ ఉన్న ఏసీ గదని చెప్పి రోజుకు ₹2,800 కట్టించుకున్నారు. తెర తీసి చూస్తే కిటికీ ఉన్నమాట నిజమే, కానీ అది తెరుచుకునేది పైపులు దిగిన ఇరుకు డక్టులోకి. పట్టపగలు కూడా ట్యూబులైటు వేయనిదే చొక్కా గుండీలు కనబడవు. ఆ లైటునైనా మంచానికి వెనకవైపు బిగించడంతో పేపరు పట్టుకుంటే మన తల నీడే అక్షరాల మీద పడుతుంది. ఇళ్లు కట్టించే మా బావగారు, "గదులన్నీ వేసుకోగా మిగిలిన సందును కిటికీ అంటారటయ్యా!" అని కౌంటరు దగ్గర గొడవపడ్డారు. వీధివైపు గదికి మరో ₹600 అడిగారు. కట్టాము గానీ, ఆయన సాయంత్రం దాకా మాట్లాడలేదు.

చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్ చూడటం సాఫీగా జరిగిపోయింది.

బావగారి ముఖం విప్పారింది సంతోష్‌నగర్ సమీపాన, పిసల్‌బండలోని పైగా సమాధుల దగ్గర; ఆటోకు ₹180 అయింది. నిజాములతో వియ్యమందిన పైగా వంశీయుల సమాధులివి. ఇక్కడి జాలీలకు, అంటే చిల్లుల నగిషీ ఉన్న తెరలకు, మందం ఉంది కనుక, నడినెత్తిన ఉన్న ఎండ రంధ్రాల అంచులకే తగిలి చెదిరి, మెత్తని వెలుతురుగా లోపలికి వస్తుంది. పొద్దు వాలాక కిరణం సూటిగా దూరి నేల మీద పువ్వులు, నక్షత్రాలు పరుస్తుంది. గోడలమీది గారపనిలో రేకుల లోతు కూడా ఏటవాలు వెలుతురులోనే తేలుతుంది, మధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది. కాబట్టి ఉదయం పెందలాడే గాని, నాలుగు దాటాక గాని వెళ్లాలి.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ సమాధి లోపలికి ఎండలోంచి అడుగుపెడితే, కళ్లు సర్దుకునేదాకా ఏమీ కనబడదు. అక్కడి మసకచీకటి బయటి ఎండను మరిపించి మనిషి గొంతు తగ్గిస్తుంది. మా లాడ్జి చీకటి పిసినారితనం వల్ల వచ్చింది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడానికి నాకు మనసొప్పదు.

గది తీసుకునేవారు కిటికీ ఉందా అని కాక, అది ఎటువైపు తెరుచుకుంటుందో అడిగి, చూసి, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి. బావగారు మాత్రం ఒక జాలీని ఫోటోలు తీసుకుని, తన కొత్త ఇంటి పడమటి వరండాకు సిమెంటుతో పోయించడానికి ఎంతవుతుందో దారిపొడవునా మేస్త్రీతో ఫోనులో బేరమాడుతూనే ఉన్నారు.